గోథిక్ నగల సెట్లు అమ్మాలా, అద్దెకివ్వాలా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. నాకు టైలరింగ్ వచ్చు. ఫొటో షూట్లకు గోథిక్ థీమ్ (నల్లని దుస్తులు, నగలతో గంభీరంగా కనిపించే పాతకాలపు అలంకరణ) అడుగుతున్నారని తెలిసిన స్టూడియో వారు చెబితే నల్ల లేసు చోకర్, చేతి తొడుగులు, మేలిముసుగు, కిరీటం, గొడుగు కలిపి ఒక సెట్ తయారు చేశాను. సామగ్రికి 1,100 రూపాయలు, పనికి 14 గంటలు పట్టాయి. సెట్‌ను 1,500కు కొంటామంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 26,000, పొదుపు 5,000. బ్యాంకులో ఉన్న 80,000 రూపాయల ఎఫ్‌డీ రద్దు చేసి ఒకేసారి 40 సెట్లు చేయవచ్చా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. మీ ఖర్చు ప్రకారం ఆ 80,000 దాదాపు మూడు నెలల అత్యవసర నిధి. రేపు ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరవలసి వస్తే జిప్ టైలతో (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలతో) చేసిన కిరీటాన్ని ఎవరూ తాకట్టు పెట్టుకోరు. పైగా గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత వేస్తాయి.

అసలు చిక్కు పెట్టుబడిలో కాదు, ధరలో ఉంది. 1,500లో సామగ్రి పోగా మిగిలేది 400 రూపాయలు, దాన్ని 14 గంటలకు పంచితే గంటకు 29 రూపాయలు కూడా రావు. మీరు లెక్కలో లేసు మీటర్లు వేశారు కానీ మీ గంటలు వేయలేదు. గంటకు కనీసం 80 రూపాయలు కట్టుకున్నా ఒక సెట్ అసలు ఖరీదు 2,220 అవుతుంది. ఆ ధరకు స్టూడియో కొనదు. అందుకే అమ్మకుండా అద్దెకివ్వండి. రోజుకు 500 అద్దె తీసుకుని, ఉతుకు, మరమ్మతులకు 100 పక్కన పెడితే ఆరో అద్దెతో మీ కూలితో సహా ఖర్చు తిరిగి వస్తుంది, సెట్ మీ దగ్గరే ఉంటుంది.

అయితే ఆరుసార్లు నిలిచేలా తయారు చేయాలి. హెయిర్‌బ్యాండ్‌కు జిప్ టైలను సూర్యకిరణాల్లా నిలబెట్టి, నల్ల స్ప్రే పెయింట్ కొట్టి, పైపైన వెండి రంగు అద్దిన మీ కిరీటాన్ని ఫొటోలో చూశాను, నిజంగా ఇనుప పనిలాగే ఉంది. ఆ వెండి మెరుపు లేకపోతే నల్ల దుస్తుల మీద నల్ల నగ కెమెరాకు ఒకే మచ్చలా కనిపించేది. కానీ గ్లూ గన్ జిగురు వేడికి మెత్తబడుతుంది కాబట్టి, మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టిన కిరీటం షూట్ చోటికి చేరేసరికి విడిపోవచ్చు. జిప్ టైల మొదళ్లను సన్నని తీగతో చుట్టండి, చోకర్ లాకెట్‌ను దారంతో కుట్టండి. తొడుగుల్లో ముందు చిరిగేవి వేళ్లే, కనుక వేళ్లు లేని నమూనా మేలు. చవక సరుకు అని సంకోచించకండి. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి జీవితాంతం నల్లదుస్తులే ధరించడంతో ఇంగ్లండ్‌లో నల్లని శోకాభరణాలకు గిరాకీ పెరిగింది, అక్కడి విట్బీ అనే ఊళ్లో దొరికే జెట్ (నగలకు వాడే, బొగ్గులాంటి నల్లని పదార్థం) కొనలేనివారు నల్లగాజు నగలు పెట్టుకున్నారు.

రెండు నెలల పొదుపు 10,000తో నాలుగు సెట్లు చేయండి. సామగ్రికి 4,400 పోగా మిగిలిన 5,600 పెట్టెలకు, మరమ్మతులకు, పాడైన సరుకుకు ఉంచండి. సెట్‌కు 1,000 రూపాయల డిపాజిట్ తీసుకోండి, కానీ అది మీరు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము కాబట్టి వేరే ఖాతాలో పెట్టండి. స్టూడియోలు తమకు కస్టమర్ డబ్బు వచ్చాకే మీకు ఇస్తామంటాయి, దానికి ఒప్పుకోకుండా అద్దె, డిపాజిట్ చేతికి వచ్చాకే సెట్ ఇవ్వండి.

అద్దె రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ నమోదు అవసరం రాదు, ఇప్పుడు దాని గురించి ఆలోచించనక్కరలేదు. 50,000 వరకు హామీ లేకుండా ఇచ్చే ముద్ర శిశు రుణం ఉంది కానీ, దానికి ఇప్పుడే వెళ్లవద్దు. ఏ తేదీన ఏ సెట్ ఎవరు తీసుకున్నారో, ఏది చిరిగిందో ఒక నోటు పుస్తకంలో రాస్తూ రండి. నాలుగు సెట్లూ ఆరేసి సార్లు తిరిగాక, ఒకే తేదీకి ఇద్దరు అడిగి మీరు లేదని చెప్పవలసి వచ్చిన రోజులు ఆ పుస్తకంలో కనిపిస్తే, అప్పుడు ఐదో సెట్‌కు లేసు కొనండి.