బడిలో చేర్చుకున్నారు సరే, తరువాత? మా అమ్మాయి విషయంలో నాకు తెలిసింది

"వికలాంగుల హక్కుల ఒడంబడికకు మా ప్రభుత్వం ఒప్పుకుంది, మా బాబుకు బడిలో మాత్రం ఏమీ మారలేదు. ఐక్యరాజ్యసమితికి రాస్తే పనవుతుందా?" అని అడిగారు. మొదటే అక్కడికి రాస్తే అవదండీ. అలాగని ఆ ఒడంబడిక ఉత్త కాగితమూ కాదు.

మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ, వీల్‌చైర్‌లో తిరుగుతుంది. బడిలో మారుమాట లేకుండా చేర్చుకున్నారు. మరుగుదొడ్డి తలుపులో మాత్రం కుర్చీ పట్టదు. దాంతో అది పొద్దుట నుంచి బడి వదిలేదాకా నీళ్ళు తాగడమే మానేసింది. మాకు చెప్పలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. వెళ్ళి అడిగితే "మేం రావద్దనలేదుగా అమ్మా" అన్నారు. నిజమే, అనలేదు. హాజరుపట్టీలో పేరుంది, సర్కారు లెక్కల్లో 'బడిలో చేరిన వికలాంగ బాలిక'ల్లో మా పిల్లా ఒకత్తి. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

వాళ్ళ రెండో మాట "నిధుల్లేవు, వచ్చాక చూద్దాం". 2006 నాటి ఆ ఒడంబడిక చదివాకే దీనికి జవాబు దొరికింది. చదువు, ఆరోగ్యం లాంటి హక్కులను ఉన్న వనరుల మేరకు అంచెలంచెలుగా అమలు చేయవచ్చని 4వ అధికరణం ఒప్పుకుంటుంది. అన్ని బడులనూ ఒక్క ఏడాదిలో మార్చేయమని ఎవరూ అనరు. కానీ ఫలానా పిల్లకు ఫలానా చోట కావలసిన సర్దుబాటు ఆ వాయిదాల కిందికి రాదు. తలకు మించిన భారమైతే తప్ప, దాన్ని కాదనడమే వివక్ష అంటుంది 2వ అధికరణం. భారమని రుజువు చేయాల్సింది కూడా వాళ్ళే. ఒక తలుపు వెడల్పు చేస్తే ఏ ఖజానా ఖాళీ అవుతుంది?

అందుకే నోటిమాటతో వెనక్కి రావద్దు. మేం నోటితో అడుగుతూ ఏడాది పోగొట్టుకున్నాం. చివరికి అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని, కింద ఒక్క వాక్యం చేర్చాం: 'కుదరకపోతే కారణం రాసివ్వండి.' ఆ కారణం కింద సంతకం పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఐదు వారాల్లో తలుపు మారింది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. మాతోపాటు అర్జీ పెట్టిన ఇంకో తల్లికి తిరస్కరణే వచ్చింది. అమలును గమనించడానికి ప్రతి దేశంలో స్వతంత్ర యంత్రాంగం ఉండాలని 33వ అధికరణం చెబుతుంది, చాలా చోట్ల ఆ పని మానవ హక్కుల కమిషన్‌దే. ఆవిడ ఆ తిరస్కరణ పత్రం పట్టుకునే అక్కడికి వెళ్ళింది. చేతిలో కాగితం లేకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ఇక సమితి సంగతి. ప్రభుత్వాలు నాలుగేళ్ళకోసారైనా నివేదిక ఇవ్వాలి, 18 మంది నిపుణుల కమిటీ దాన్ని పరిశీలిస్తుంది. తల్లిదండ్రుల సంఘాలు కూడా విడిగా తమ నివేదిక పంపవచ్చు. మేం పంపినదాంట్లో ఏడుపులు, శాపనార్థాలు పెట్టలేదు. ఎంతమంది చేరారన్నది ప్రభుత్వం ఎలాగూ రాస్తుంది కాబట్టి, చేరినవాళ్ళలో ఎంతమంది మరుగుదొడ్డికి వెళ్ళగలుగుతున్నారు, ఎంతమంది చేతికి బ్రెయిలీ పుస్తకం వచ్చింది, ఎన్ని తరగతుల్లో సైగల భాష వచ్చిన టీచరు ఉన్నారు, ఇవి లెక్కపెట్టి పంపాం. మీ ఒక్కరి ఫిర్యాదు కమిటీ తీసుకోవాలంటే మాత్రం మీ దేశం ఆ ఒడంబడికకు తోడుగా విడిగా ఉన్న ఒప్పందమైన ఐచ్ఛిక ప్రోటోకాల్‌కు కూడా ఒప్పుకుని ఉండాలి, స్వదేశంలో ఉన్న దారులన్నీ అయిపోయి ఉండాలి.

అన్నట్టు, అర్జీ రాసేముందు బాబునే అడగండి. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 7వ అధికరణంలోనే ఉంది. మేం తలుపు, ర్యాంపు, పట్టుకోవడానికి కడ్డీ అన్నీ రాసుకుని గొప్పగా చదివి వినిపిస్తే, మా అమ్మాయి విని "మరి గడియ? అది నాకందదుగా" అంది.