లీగులో ఆడినవాడు స్కూల్లో కోచ్‌గా చేరితే నామోషీనా?

కబడ్డీ లీగులో ఆడిన మీ తమ్ముడికి హైస్కూల్లో కోచ్ ఉద్యోగం వచ్చిందని, చుట్టాలు "ఆఖరికి డ్రిల్లు మాస్టారా" అంటున్నారని రాశారు. అందులో నామోషీ ఏమీ లేదండీ.

మేం షికాగో దగ్గర అరోరాలో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. వాళ్ల కోచ్ కూడా ఒకప్పుడు డబ్బు తీసుకుని ఆడినవాడే. ఆయన్ని చూశాకే ఈ ఆట పాతరోజుల గురించి చదవడం మొదలుపెట్టాను. అలా తెలిసినవాడు పాడీ డ్రిస్కల్.

1920లో, ఇప్పటి ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగు) పుట్టిన ఏడాదే, ఆయన షికాగో కార్డినల్స్ అనే జట్టుకు ఆడాడు. మ్యాచ్‌కి 300 డాలర్లు ఇచ్చేవారట. ఆ రోజులకు అది పెద్ద మొత్తమే. కానీ మ్యాచ్‌లుండేది ఏడాదిలో మూడు నాలుగు నెలలు. ఈ ఏడు ఉన్న జట్టు వచ్చే ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు. 1924లో డ్రిస్కల్ షికాగోలోనే సెయింట్ మెల్ హైస్కూల్లో కోచ్‌గా చేరాడు. ఆట మానేసి కాదు, ఆడుతూనే! 1929 దాకా ఇటు లీగులో ఆట, అటు బడి పిల్లలకు శిక్షణ. 1925లో ఆయన బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు దేశంలోని కాథలిక్ హైస్కూళ్ల టోర్నమెంటు గెలిచారు.

ఆ ఏడాదే నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ రోజున, కాలేజీ ఆటతో దేశాన్ని ఊపేసిన రెడ్ గ్రేంజ్ షికాగోలోని మరో జట్టు బేర్స్ తరఫున, కార్డినల్స్ మీద తొలి ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడాడు. జనం అతని పరుగు చూద్దామని విరగబడి వచ్చారు. కార్డినల్స్‌కు ఆడుతున్న డ్రిస్కల్ మాత్రం బంతిని తన్నినప్పుడు దాదాపు ప్రతిసారీ, గ్రేంజ్ దాన్ని పట్టుకుని పరుగెత్తకుండా పక్కకు తన్నాడు. జనం గోలపెట్టినా పద్ధతి మార్చుకోలేదు. మ్యాచ్ 0-0తో ముగిసింది. చప్పట్ల కన్నా జట్టు ముఖ్యమనుకునే ఇలాంటి మనిషి పిల్లలకు దొరకడం అదృష్టం కాదూ?

మా అబ్బాయి కోచ్‌లోనూ ఆ గుణం చూశాను. ఒక మ్యాచ్‌లో వాడి తలకు దెబ్బ తగిలింది. "నాకేం కాలేదు, ఆడతాను" అని వాడు ఒకటే గొడవ. కోచ్ వాదించలేదు. వాడి హెల్మెట్ తీసుకుని తన దగ్గరే పెట్టేసుకున్నాడు. హెల్మెట్ లేనిదే మైదానంలోకి వెళ్లలేరు కదా. దెబ్బ దాచుకుని ఆడాలనే ఆరాటం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఒక తండ్రిగా నాకు ఏ కప్పు గెలిచినా అంత ధైర్యం వచ్చేది కాదు.

డ్రిస్కల్ 1937 దాకా ఆ స్కూల్లోనే ఉన్నాడు. తర్వాత కాలేజీ కోచ్ అయ్యాడు, 1956లో బేర్స్‌కే హెడ్ కోచ్ అయ్యాడు. 1965లో ఈ ఆటలో మేటివాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు.

మీ తమ్ముణ్ణి నిశ్చింతగా చేరమనండి. చేరేముందు ఒక్కటి కనుక్కోమనండి: ఆ స్కూల్లో ఆటల పీరియడ్ ఆటలకే ఉంటుందా, పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారు తీసేసుకుంటారా అని.