పింగ్ ప్రోబ్: ఎక్కడ పెట్టాలి, గీతను ఎలా చదవాలి

ప్రశ్న: మా వీధిలో అరవై ఇళ్లకు కేబుల్ ఇంటర్నెట్ ఇస్తున్నాం. సాయంత్రం వీడియో కాల్స్ ఆగిపోతున్నాయని ఇళ్లవాళ్లు అంటారు. మాకు లైను ఇచ్చే కంపెనీ మాత్రం తమ వైపు అంతా బాగుందంటుంది. పాత కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్, పింగ్‌లు (జవాబు కోరే చిన్న సందేశాలు) పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో గ్రాఫ్‌గా గీసే స్మోక్‌పింగ్ ఎక్కించాను. ప్రోబ్ అమర్చే పద్ధతి చెప్పండి.
– ఒక ఆపరేటర్, గుణుపురం

జవాబు: ముందు కంప్యూటర్ ఎక్కడ ఉందో చూడండి. మెయిన్ రౌటర్ పక్కనున్న స్విచ్‌కు తీగతోనే కలపాలి. వైఫై మీద నడిపితే వైఫై ఒడుదొడుకులు కూడా గీతలో కలిసిపోతాయి, ఏది ఎవరి తప్పో విడదీయలేరు.

డెబియన్‌లో ప్రోబ్స్, టార్గెట్స్, డేటాబేస్, అలర్ట్స్ సెట్టింగులకు వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. ప్రోబ్స్ ఫైల్లో ఎఫ్‌పింగ్ అనే ప్రోబ్‌కు, పింగ్‌లు పంపే ఎఫ్‌పింగ్ ప్రోగ్రామ్ ఫైలు దారి సరిగా ఉందో లేదో చూడండి. రూట్‌గా ఎఫ్‌పింగ్ నడుస్తూ, స్మోక్‌పింగ్‌లో మాత్రం అన్ని టార్గెట్లకూ (పింగ్ చేసే అడ్రస్‌లకు) 100 శాతం లాస్, అంటే ఒక్క జవాబూ రానట్టు చూపిస్తుంటే తప్పు లైనుది కాదు. స్మోక్‌పింగ్ యూజర్‌కు పింగ్ పంపడానికి కావాల్సిన రా సాకెట్ తెరిచే అనుమతి లేదన్నమాట. ఎఫ్‌పింగ్ ఫైలుకు ఆ అనుమతి, అంటే నెట్-రా కేపబిలిటీ ఇస్తే సరిపోతుంది.

డేటాబేస్ ఫైల్లో స్టెప్ 300, పింగ్స్ 20 అని ఉంటుంది. అంటే ప్రతి 5 నిమిషాలకు ఒక విడత, విడతకు 20 పింగ్‌లు. ఈ రెండు అంకెలూ మొదటి రోజే తేల్చుకోవాలి. తర్వాత మారిస్తే లెక్కలు దాచే పాత ఆర్‌ఆర్‌డీ ఫైళ్లు కొత్త అంకెలతో సరిపోవు. వాటిని పక్కకు తీసి చరిత్రంతా మళ్లీ మొదటినుంచి పోగుచేయాలి. ఒక టార్గెట్‌కు రెండు పింగ్‌ల మధ్య ఎడం హోస్ట్ ఇంటర్వల్. దాన్ని 1.5 సెకన్లు అని పెట్టారనుకోండి. 20 పింగ్‌లకు 30 సెకన్లు పడుతుంది. ఎఫ్‌పింగ్ అందరినీ ఒకేసారి చుడుతుంది కాబట్టి నాలుగు టార్గెట్లున్నా దాదాపు అంతే. మీ సమస్య సాయంత్రం గంటల తరబడి ఉండేది, దానికి 300 చాలు. నిమిషం పాటు వచ్చిపోయే తడబాటును పట్టాలంటే స్టెప్ 60 పెట్టుకోవచ్చు, అప్పుడూ 20 పింగ్‌లు ఇమిడిపోతాయి. పింగ్స్ 60 చేస్తే 90 సెకన్లు కావాలి, 60లో పట్టదు. విడత గడువు దాటిందని లాగ్‌లో హెచ్చరికలు మొదలవుతాయి. హోస్ట్ ఇంటర్వల్ విలువ సెకన్లలో రాయాలి. మిల్లీ సెకన్లనుకుని 1500 అని రాస్తే విడత గడువులోపు పూర్తికాదు.

అసలు పని టార్గెట్స్‌లో ఉంది. గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8 ఒక్కదాన్నే పెట్టి ఊరుకుంటే లైను బాగాలేదని తెలుస్తుంది, ఎక్కడ బాగాలేదో తెలియదు. నాలుగు మెట్లు పెట్టండి. మొదటిది మీ రౌటర్ లోపలి అడ్రస్. రెండోది ట్రేస్‌రూట్ (డేటా ఏయే రౌటర్ల మీదుగా పోతోందో చూపే కమాండ్) చేస్తే మీ రౌటర్ తర్వాత కనిపించే, మీకు లైను ఇచ్చే కంపెనీ గేట్‌వే. అది పింగ్‌కు జవాబివ్వకపోతే దాని తర్వాతిది. మూడోది 8.8.8.8 లేదా క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1. ఇవి ఒకే అడ్రస్‌తో చాలా చోట్ల ఉండేవి, జవాబిచ్చే చోటు మారుతూ ఉండొచ్చు కాబట్టి వీటి మీదే తీర్పు చెప్పకూడదు. నాలుగోది మీ ఇళ్లవాళ్లు నిజంగా వాడే ఏదైనా సర్వర్.

ఫైల్లో గుంపుకు ఒక ప్లస్, దాని కింది టార్గెట్‌కు రెండు ప్లస్‌లు పెట్టి పేరు రాయాలి. పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప మరేవీ పనికిరావు. ఖాళీ వదిలినా తప్పే. ఆర్‌ఆర్‌డీ ఫైలుకు ఆ పేరే పడుతుంది, అందుకే తర్వాత పేరు మార్చితే గ్రాఫ్ కొత్తగా మొదలవుతుంది. రీస్టార్ట్ చేసే ముందు స్మోక్‌పింగ్‌ను చెక్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే ఏ వరుసలో తప్పుందో చెబుతుంది.

ఇక గ్రాఫ్. నడిమి గీత మీడియన్ (విడతలోని జవాబు సమయాల్లో మధ్యది), దాని రంగు ఆ విడతలో ఎన్ని పింగ్‌లు పోయాయో చెబుతుంది. చుట్టూ బూడిదరంగు పొగలా కనిపించేది పింగ్‌ల మధ్య తేడా. వీడియో కాల్‌ను చెడగొట్టేది ఎక్కువగా ఈ పొగే. సాయంత్రం మొదటి మెట్టు నిశ్చలంగా ఉండి, రెండో మెట్టు నుంచి పైవన్నీ కలిసి పైకి లేస్తే, మీ రౌటర్ ట్రాఫిక్ గ్రాఫ్ పక్కన పెట్టుకోండి. మీ వాడకం ప్లాన్ హద్దును తాకుతుంటే క్యూ (వెళ్లడానికి వేచి ఉన్న డేటా) మీ లైనులోనే నిండుతోంది. దాన్ని అదుపు చేయడానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్లలో ఎస్‌క్యూఎం, మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లో కేక్ క్యూ అనే సెట్టింగులు ఉన్నాయి. వేగాన్ని లైనుకు 90 శాతం దగ్గర కట్టేస్తే, అంటే 100 ఎంబీపీఎస్ లైనుకు 90 పెడితే, ఆ క్యూ మీ అదుపులోకి వస్తుంది. అరవై ఇళ్లకు వేగంలో ఆ పది పోయినా కాల్స్ నిలబడతాయి, నా దృష్టిలో అదే మేలు. వాడకం హద్దుకు దూరంగా ఉన్నా రెండో మెట్టు లేస్తుంటే తప్పు కంపెనీ వైపుది. రెండు గ్రాఫులూ ఒకే సమయానికి తీసి పంపండి. "స్లోగా ఉంది" అనే ఫిర్యాదును తోసేసినంత తేలిగ్గా వాటిని తోసేయలేరు.

18 మిల్లీ సెకన్లుండే గీత ఒక్కసారి 45కు ఎక్కి, పొగ లేకుండా రోజంతా అక్కడే ఉంటే అది రద్దీ కాదు, దారి మారింది. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూ పోనూ ప్రతి 100 కిలోమీటర్లకు 1 మిల్లీ సెకను. ఆ 27 మిల్లీ సెకన్ల తేడా మొత్తం దూరానిదే అయితే డేటా ఒక్కో వైపు 2,700 కిలోమీటర్లు అదనంగా తిరుగుతోంది.

ప్రశ్న: దారిలోని ప్రతి రౌటర్‌కూ లాస్ చూపే ఎంటీఆర్‌లో నాలుగో హాప్ (నాలుగో రౌటర్) దగ్గర 40 శాతం లాస్ చూపిస్తోంది, ఆ తర్వాతివన్నీ సున్నా. ఆ రౌటర్ చెడిపోయినట్టేనా?
– పర్లాకిమిడి

జవాబు: కాదు. తనకు వచ్చిన పింగ్‌కు జవాబివ్వడం రౌటర్‌కు చివరి పని. చాలా రౌటర్లలో ఆ జవాబులకు పరిమితి కూడా పెడతారు. డేటాను ముందుకు పంపే పని వేరు, అది ఆగదు. లాస్ ఒక హాప్ దగ్గర మొదలై చివరి గమ్యం దాకా కొనసాగితేనే పట్టించుకోండి. ప్రోబ్ టార్గెట్‌గా మాత్రం ఇలాంటి రౌటర్‌ను ఎంచుకోకండి.

ప్రశ్న: మా నెట్ సెంటర్ 4జీ డాంగిల్ మీద నడుస్తోంది. ప్రతి విడతలో మొదటి పింగ్ చాలా ఎక్కువగా వస్తోంది. ఇది డేటా ఎంత తినేస్తుంది?
– రాయగడ

జవాబు: పని లేనప్పుడు మోడెమ్ రేడియోను విశ్రాంతిలో పెడుతుంది, మొదటి పింగ్ దాన్ని లేపాలి. ఎఫ్‌పింగ్ ప్రోబ్‌లో బ్లేజ్‌మోడ్ అనే సెట్టింగును ట్రూ చేస్తే ఒక పింగ్ అదనంగా పంపి మొదటి జవాబును లెక్కలోంచి తీసేస్తుంది. డేటా సంగతికొస్తే 56 బైట్ల పింగ్ హెడర్లతో కలిసి 84 బైట్లు. 20 పింగ్‌లు, రానూ పోనూ, రోజుకు 288 విడతలు కలిపితే టార్గెట్‌కు రోజుకు దాదాపు 1 ఎంబీ. నాలుగు టార్గెట్లకు నెలకు 120 ఎంబీ లోపే. స్టెప్ 60 చేస్తే ఐదింతలవుతుంది, రోజువారీ ప్యాక్ మీదున్నవాళ్లు అది చూసుకోవాలి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ప్రోబ్ నడుపుతున్నాం. కాలబైశాఖి గాలివానకు కరెంటు పోయి వచ్చాక గ్రాఫ్ చాలాసేపు కదలదు, లాగ్‌లో ఆర్‌ఆర్‌డీ ఎర్రర్లు వస్తాయి.
– కోరాపుట్

జవాబు: పై 4 దాకా వచ్చిన మామూలు పై బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు వచ్చాక అది చివరగా దాచుకున్న సమయం నుంచే మొదలుపెడుతుంది, ఇంటర్నెట్ నుంచి అసలు సమయం అందేదాకా వెనకే ఉంటుంది. తన దగ్గరున్న చివరి లెక్క కంటే పాత సమయంతో వచ్చినదాన్ని ఆర్‌ఆర్‌డీ తీసుకోదు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలోని టైమ్-వెయిట్-సింక్ సర్వీసును ఎనేబుల్ చేసి, స్మోక్‌పింగ్ టైమ్-సింక్ టార్గెట్ (సిస్టమ్‌డీ దశ, పింగ్ టార్గెట్ కాదు) తర్వాతే మొదలయ్యేలా అమర్చండి. లేదా డీఎస్3231 గడియారం మాడ్యూల్ బిగించండి. గడియారం ఎప్పుడైనా ముందుకు దూకి లెక్క రాసేసి ఉంటే, ఆ తేదీ వచ్చేదాకా ఫైలు దేన్నీ తీసుకోదు. దాన్ని ఆర్‌ఆర్‌డీటూల్‌తో డంప్ చేసి, సరిదిద్ది, రిస్టోర్ చేయాలి.

గీత ఖాళీగా ఉన్నచోట మొదటి మెట్టు కూడా ఖాళీ అయితే పై, స్విచ్, రౌటర్ మూడింటిలో ఏదో ఒకటి ఆగింది. మొదటి మెట్టు నడుస్తూ మిగతావి పోతే లైను తెగింది. ఈ తేడా నిలవాలంటే పై, రౌటర్, స్విచ్ మూడూ యూపీఎస్ మీదే ఉండాలి.

అలర్ట్ పెట్టేటప్పుడు కూడా ఈ ఊళ్లలో ఒక విడత లాస్‌కే మెయిల్ పంపేలా పెట్టకండి, రోజూ వచ్చే మెయిల్‌ను ఎవరూ చదవరు. వరుసగా మూడు విడతల్లో లాస్ 20 శాతం దాటితేనే అన్న ప్యాటర్న్ రాసి, ఎడ్జ్ ట్రిగ్గర్‌కు యెస్ (yes) అని ఇవ్వండి. అప్పుడు సమస్య మొదలైనప్పుడొకటి, తీరినప్పుడొకటి మాత్రమే వస్తాయి.