ఆ మొండి తోక పాము ఏది?

ప్రశ్న: వానల్లో కూర్గ్ వెళ్లాం. కాఫీ తోట దారిలో జానెడు పాము కనిపించింది, తోక నరికేసినట్టు మొండిగా ఉంది. రెండు తలల పామని, కాటేస్తే అంతేనని డ్రైవర్ భయపెట్టాడు. నిజమా?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: టెన్షన్ పడకండి, మీరు చెప్పిన గుర్తులన్నీ షీల్డ్‌టెయిల్ పామువే. విషం లేదు, పట్టుకున్నా సాధారణంగా కరవదు. ఉన్నది ఒక్క తలే, అదీ మొనదేలి ఉంటుంది, దాంతోనే అడవి నేలలో మెత్తటి మట్టిని తొలుచుకుంటూ వెళ్తుంది. అసలు తమాషా తోకలో ఉంది: చివర గరుకు పొలుసులకు మట్టి అంటుకుని బిరడాలా తయారవుతుంది, వెనక నుంచి శత్రువు వస్తే సొరంగం మూసుకుపోయినట్టే. తిండి ఎక్కువగా వానపాములు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. భూమ్మీద మన దక్షిణ భారతంలో, శ్రీలంకలో తప్ప ఈ కుటుంబం ఇంకెక్కడా లేదు, డ్రైవర్‌గారికి ఈ సంగతి కూడా చెప్పండి!

మన తూర్పు కనుమల్లోనూ ఒక జాతి ఉంది, ఎలియట్ షీల్డ్‌టెయిల్. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన వాల్టర్ ఎలియట్ పేరే దానికి పెట్టారు. వానలకు ఇవి పైకి వచ్చి దారుల మీద బండ్ల కింద పడుతుంటాయి, మళ్లీ కనిపిస్తే ఓ పుల్లతో మెల్లగా ఆకుల్లోకి జరపండి చాలు.