సోషల్‌లో పదిహేడు

అడిగిన ప్రశ్న: చిన్న ఊళ్లో జడ్పీ హైస్కూల్లో చదివితే పదో తరగతి మార్కుల్లో నష్టపోతామా? మా తమ్ముడిని తొమ్మిదికి ప్రైవేటుకు మార్చమని ఇంట్లో అంటున్నారు.

నా రోజుల్లో అయితే నష్టపోయేవాళ్లం. నేను పోయాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అయినా మార్చమని మాత్రం అనను.

మాది నేను చదివేనాటి ప్రకాశం జిల్లాలో పడమటి వైపు ఒక మండల కేంద్రం. బస్టాండు, రెండు బ్యాంకులు, ఆదివారం సంత, ఊరి చివర హైస్కూలు. నేను పది రాసింది 2018లో. అప్పుడు సీసీఈ నడుస్తోంది, అంటే చివరి పరీక్ష ఒక్కటే కాకుండా ఏడాది పొడవునా చేసిన పనికీ మార్కులు వేసే పద్ధతి. పబ్లిక్‌కి 80, స్కూల్లో వేసే ఇంటర్నల్‌కి 20. హిందీ తప్ప ప్రతి సబ్జెక్టుకూ రెండేసి పేపర్లు, మొత్తం పదకొండు. ఆ ఇరవై మార్కులే మా కొంప ముంచాయి.

మూడో ఎఫ్‌ఏకి (ఏడాది మధ్యలో స్కూల్లోనే పెట్టే చిన్న పరీక్ష, ఇంటర్నల్ మార్కులు వీటి నుంచే) మా సోషల్ సారు ప్రాజెక్టు ఇచ్చారు: మీ వాడలో నలభై ఇళ్లు తిరిగి తాగేనీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నారో, నెలకు ఎంత ఖర్చవుతోందో రాసుకురండి. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నలభై దాటినవాళ్లలో మోకాళ్లు వంగినవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు, పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పిల్లలకే ఉంటాయి. కాబట్టి అది ఊరికే ఇచ్చిన ప్రాజెక్టు కాదు.

నేనూ మా పక్కింటి కుర్రాడూ ఆదివారం పొద్దున్నే లాంగ్ నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాం. మొదటి పది ఇళ్లు బాగానే నడిచాయి. ప్లాంటుకెళ్లి తెచ్చుకుంటే క్యాను ఐదు రూపాయలు, ఆటోవాడు ఇంటికి తెస్తే పది. పదకొండో ఇంట్లో ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నోటుబుక్కు చూడగానే, "పింఛనుకేనా నాయనా?" అంది.

"కాదవ్వా, నీళ్ల గురించి రాసుకుంటున్నాం."

"నీళ్ల పింఛనా?"

ఎంత చెప్పినా వినలేదు. లోపలికెళ్లి క్యారీ బ్యాగులో చుట్టి పెట్టిన రేషన్ కార్డు, ఆధార్ కార్డు, వాటి జిరాక్సులు తెచ్చింది. అప్పట్లో పింఛను వెయ్యి రూపాయలు. మూడుసార్లు అర్జీ పెట్టుకుందట, వయసు తక్కువ పడిందని తిప్పి పంపారట. ఆధార్‌లో ఎవరో పుట్టిన సంవత్సరం తప్పు కొట్టారు. "నా పేరు రాసుకోందే కదలనియ్యను" అని మావాడి చొక్కా పట్టుకుంది. రాసుకున్నాం. ఆ పక్క సందులోకి మేం తిరిగేలోపే కబురు మాకంటే ముందు పోయింది. పింఛన్లు రాసేవాళ్లు వచ్చారని జనం గుమ్మాల్లో జిరాక్సులతో నిలబడి ఉన్నారు. ఒకాయన మాకు సోడా కూడా తాగించాడు. మధ్యాహ్నానికి మా నోటుబుక్కులో నీళ్ల లెక్కలతో పాటు పదకొండు జిరాక్సులు తేలాయి.

సోమవారం సారు పట్టిక తీసుకుని వేలితో ఒక్కో వరుసా లెక్కపెట్టారు. "నలభై ఇళ్లు అని రాశావు. ముప్పై ఏడే ఉన్నాయి. మిగతా మూడు ఏవిరా?" ఆ మూడిళ్లలో పింఛను గోలలో పడి నీళ్ల సంగతి అడగడమే మర్చిపోయాం. పదికి ఆరు వేశారు. జిరాక్సులు ఏం చేయాలని అడిగితే ఇలా ఇవ్వమని తీసుకుని, సాయంత్రం సైకిల్ మీద మండలాఫీసుకెళ్లి ఇచ్చొచ్చారు. ఆ అవ్వ నేను ఊరెళ్తే ఇప్పటికీ అడుగుతుంది, రాసుకున్నావు కదా ఏమైంది అని.

మా స్కూలుకి ఫర్లాంగు దూరంలోని ప్రైవేటు స్కూల్లో ఏం జరిగిందో చెప్పనా? బస్టాండు దగ్గర స్టేషనరీ షాపులో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాడు. ముప్పై రూపాయలు. అంచుకి మెరుపు కాగితం, ముందు పేజీలో పేరు రాసుకునేందుకు ఖాళీ. మా చిన్నాన్న కొడుకు అక్కడ చదివాడు. వాడి ప్రాజెక్టు పేరు హిమాలయ నదులు. వాడు గుండ్లకమ్మ కూడా సరిగ్గా చూసి ఉండడు. పదికి పది. ఏడాది చివర అన్ని సబ్జెక్టుల్లో ఇరవైకి ఇరవై, వాడికే కాదు, వాడి క్లాసు మొత్తానికి.

ఇంటర్నల్ మార్కులు సరిచూడటానికి వేరే ఊరి నుంచి ఇద్దరు టీచర్లు మా స్కూలుకి వచ్చారు. స్టాఫ్‌రూము కిటికీ కింద నిలబడి విన్నాం. "ఇంత తక్కువేంటండీ, పక్కన అందరికీ ఇరవై వేశారు" అన్నారు ఒకాయన. మా సారు, "వాళ్లకు వచ్చాయేమో. మావాళ్లకు ఇన్నే వచ్చాయి" అన్నారు. అప్పుడు నాకు భలే గర్వంగా అనిపించింది. నాకు సోషల్‌లో పదిహేడు. క్లాసులో అదే ఎక్కువ!

రిజల్ట్స్ వచ్చాయి. ఆరు సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు, అంటే జీపీఏ, పదికి 9.5. సోషల్‌లో ఏ1 (పది పాయింట్లు) రాలేదు, ఏ2 (తొమ్మిది). అప్పట్లో మా చేతికిచ్చిన మెమోలో గ్రేడులే ఉండేవి, మార్కులు ఉండవు. కాబట్టి పబ్లిక్‌లో నాకు ఎన్ని వచ్చాయో నాకు తెలియదు, కానీ ఆ మూడు మార్కుల వల్లే గ్రేడు పోయిందని నూటికి నూరుపాళ్లు చెప్పగలను. వేరే కారణం ఉండే అవకాశమే లేదు, పరీక్ష అంత బాగా రాశాను.

ట్రిపుల్ ఐటీకి అప్లై చేశాను. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు, నాలుగింటికీ అప్పట్లో పదో తరగతి జీపీఏ చూసే సీటు ఇచ్చేవాళ్లు. గవర్నమెంటు, జడ్పీ స్కూళ్ల పిల్లలకు దానికి 0.4 కలిపేవాళ్లు. నాకు 9.9 అయింది, రాలేదు. సోషల్‌లో ఒక్క పాయింటు పెరిగి ఉంటే 9.7, కలిపితే 10.1. ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో. ఒంగోలులో పాలిటెక్నిక్ చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, బాధలేం లేవు. కానీ ఆ 0.4 మీద ఇప్పటికీ కోపమే. ఒకచేత్తో నిజాయితీకి మార్కులు కోసి, ఇంకోచేత్తో పాపం పేద స్కూలని కలపడం ఏం పద్ధతి?

2019లో ఆ ఇంటర్నల్ ఇరవై తీసేశారు. నా తర్వాతి బ్యాచ్ దాకా ఉంది, ఆ పై వచ్చినవాళ్లకు ఆ ఇరవై గొడవ లేదు. మంచిదే. కానీ దాంతోపాటు ఆ ప్రాజెక్టు లాంటిది కూడా పోయి ఉంటుంది. పదో తరగతిలో చదివిన దాంట్లో నాకు ఇప్పటికీ పుస్తకం చూడకుండా గుర్తున్నది ఆ పట్టిక ఒక్కటే: ముప్పై ఏడు ఇళ్లలో ఇరవై తొమ్మిది క్యాను నీళ్లే.

ఇంకో సంగతి. మార్కుల కంటే పోస్టులు చూడండి. మా హిందీ సారు మేం తొమ్మిదిలో ఉండగా బదిలీ అయి వెళ్లారు, పది అయ్యేదాకా ఆ కుర్చీ ఖాళీ. హిందీకి ఇరవై వస్తే పాసు కదా అని ఎవరికీ పట్టలేదు. ఇరవై పాసు అనే రూలు పెట్టింది పిల్లల మేలుకో, పోస్టు నింపకుండా నెట్టుకురావడానికో నాకైతే అనుమానమే. సాయంత్రం స్టడీ అవర్ ఇంకో బాధ. అది అయ్యేసరికి పల్లెల నుంచి వచ్చే పిల్లలకు చివరి పల్లెవెలుగు బస్సు వెళ్లిపోయేది. ఆడపిల్లల్లో సగంమంది దాన్ని ఎగ్గొట్టి ముందే వెళ్లిపోయేవాళ్లు, వాళ్లకేమో శ్రద్ధ లేదని తిట్లు. బస్సు టైము మార్చమని మేం రాసిన అర్జీ మీద హెడ్‌మాస్టరు గారు సంతకం పెట్టి పంపారు, అంతే సంగతి.

మీ తమ్ముడి విషయానికొస్తే, తొమ్మిదికి కొత్త స్కూలంటే కొత్త సార్లు, కొత్త బెంచీ, ఏడాది అలవాటు పడటంలోనే పోతుంది. ఇప్పుడు పరీక్ష వందకి వందా పబ్లిక్కే, పక్క స్కూలువాడు ఊరికే వేసుకునే ఇరవై లేవు. ఒకసారి మీరే ఆ హైస్కూలుకి వెళ్లి లెక్కల పోస్టు, హిందీ పోస్టు నిండి ఉన్నాయో లేదో అడగండి. రెండూ ఉంటే కదపొద్దు. లెక్కల సారు లేకపోతే మాత్రం నేను చెప్పిందంతా పక్కన పెట్టి మార్చేయండి.