ఆట మాన్పించకండి, భుజం సంగతి ముందు చూడండి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి, హైస్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. కాలేజీ అక్కర్లేదు, ప్రొఫెషనల్‌గా ఆడతానంటాడు. మ్యాచ్ అయ్యాక ఫ్రీజర్‌లోంచి బఠాణీల ప్యాకెట్ తీసి భుజం మీద పెట్టుకుని సోఫాలో కూర్చుంటాడు. కోచ్‌కి మాత్రం చెప్పొద్దంటాడు. వాళ్ళ నాన్న ఆట మాన్పించేద్దాం అంటున్నారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మాన్పించకండి. ఆ వయసులో బలవంతంగా మాన్పిస్తే ఆటా పోతుంది, చదువు మీద మనసూ పోతుంది. ఈ ఆదివారం తండ్రీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి జాన్ మాంట్‌గమరీ వార్డ్ అనే పాత పిచర్ గురించి చెప్పండి. ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది అతనే.

1860లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. చదువు మధ్యలోనే కాలేజీవాళ్ళు బయటికి పంపేశారు. 18 ఏళ్ళకి ప్రావిడెన్స్ గ్రేస్ జట్టులో చేరి, మరుసటి ఏడాదే, అంటే 1879లో, 47 మ్యాచ్‌లు గెలిపించాడు. టైటిల్ ఆ జట్టుదే. 1880 జూన్ 17న ఎదుటి బఫెలో జట్టు బ్యాటర్లని వరసగా 27 సార్లు ఔట్ చేశాడు, ఒక్కరు కూడా బేస్ చేరలేదు. దీన్నే పర్ఫెక్ట్ గేమ్ అంటారు, అదెంత గొప్పో మీవాడే మీకు చెబుతాడు. అయితే ఆ రెండేళ్ళూ అతను ఏడాదికి దాదాపు 590 ఇన్నింగ్స్ (మామూలుగా మ్యాచ్‌కి తొమ్మిది) వేశాడని మీరు చెప్పండి. ఇప్పటి పిచర్లు 200 వేస్తేనే గొప్ప.

చెయ్యి ఎంతకని ఓర్చుకుంటుంది? 1884లో బేస్‌ల మధ్య పరిగెత్తుతూ కుడిచేతికి దెబ్బ తగిలించుకున్నాడు. 24 ఏళ్ళకే పిచింగ్ ముగిసిపోయింది. అయినా ఇంట్లో కూర్చోలేదు. ఎడమచేత్తో బంతి విసరడం నేర్చుకుని ఔట్‌ఫీల్డ్‌లో ఆడాడు, తర్వాత రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్, అంటే షార్ట్‌స్టాప్ అయ్యాడు. పిచర్‌గా వందకు పైగా విజయాలు, బ్యాటర్‌గా రెండు వేలకు పైగా హిట్లు, రెండూ ఉన్న ఆటగాడు అతనొక్కడే.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. న్యూయార్క్ జట్టుకి ఆడుతున్న రోజుల్లోనే కొలంబియా యూనివర్సిటీలో లా చదివి 1885లో డిగ్రీ తీసుకున్నాడు. అప్పట్లో రిజర్వ్ క్లాజ్ అనే షరతు ఉండేది. ఒక జట్టు పేరు రాసి పెట్టుకుంటే, వాళ్ళు వదిలితే తప్ప ఆటగాడు ఇంకో జట్టుకి వెళ్ళడానికి వీల్లేదు, జీతం వాళ్ళిచ్చిందే. తోటి ఆటగాళ్ళు చదవకుండా సంతకం పెట్టిన ఆ కాగితాన్ని వార్డ్ చదివాడు. అదే ఏడాది ఆటగాళ్ళ సంఘం పెట్టాడు, 1890లో ఆటగాళ్ళ సొంత లీగ్ నడిపాడు. అది ఒక్క సీజనే నిలబడింది. కానీ 1894లో ఆట మానేసినప్పుడు అతని చేతిలో లాయర్ పని సిద్ధంగా ఉంది.

ఇక మీవాడి విషయం. హైస్కూల్ అయ్యాక డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేచోట, ఎవరైనా తీసుకుంటే నేరుగా వెళ్ళొచ్చు. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడాది అయ్యేదాకా, లేదా 21 ఏళ్ళు నిండేదాకా ఆగాలి. రెండేళ్ళ జూనియర్ కాలేజీకి ఆ అడ్డు లేదు, అందుకే మీ ఇంట్లో గొడవకి ఇది మంచి మధ్యేమార్గం అంటాను. ఒకవేళ నేరుగానే వెళ్తే, కాలేజీ ఫీజు జట్టు కట్టే స్కాలర్‌షిప్ ప్లాన్‌ని కాంట్రాక్టులో రాయించుకోండి. ఆట మానాక దాన్ని వాడుకోవడానికి గడువుంటుంది, ఆ తేదీ అబ్బాయికి కూడా తెలియాలి. కాంట్రాక్టు వస్తే వాళ్ళ నాన్నగారు వాడి పక్కన కూర్చుని ప్రతి పేజీ చదవాలి. ఆట ఇష్టం లేకపోయినా సరే.

ఇవన్నీ వచ్చే ఏడాది మాటలు. ఈ వారం చేయాల్సింది వేరే ఉంది. వాణ్ణి స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కోచ్‌కి మీరే ఫోన్ చేసి నొప్పి సంగతి చెప్పండి, వాడికి కోపం వచ్చినా పర్లేదు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఏ రోజు ఎన్ని బంతులు వేశాడో వాడి చేతే రాయించండి, స్కూల్ టీమ్‌వీ, వీకెండ్ టీమ్‌వీ కలిపి. డాక్టర్ మొదట అడిగేది ఆ లెక్కే.