తోట అమ్మి అమెరికాలో కౌన్సెలింగ్ చదివించాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడెకరాల కొబ్బరి తోట, సొంత డాబా ఉన్నాయి. అమ్మాయి సైకాలజీతో డిగ్రీ పూర్తి చేసింది. అమెరికాలో క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ ఎంఎస్ చేస్తానంటోంది. మొత్తం 50 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు, అడ్వాన్సు కింద 25 వేలు కట్టాం. 30 లక్షలు లోను పెట్టి, మిగతా 20 లక్షలకు అరెకరం తోట అమ్ముదామనుకుంటున్నాను. అబ్బాయి ఇంకా ఇంటర్‌లో ఉన్నాడు. అమ్మమంటారా?

జవాబు: వద్దండి. కనీసం ఈ ఏడాది వద్దు.

మీ అమ్మాయి ఎంచుకున్న పని మంచిదే, మన దగ్గర అవసరమూ ఉంది. చిక్కంతా కన్సల్టెన్సీ వాళ్ల లెక్కలో ఉంది. అది పట్టా చేతికి రావడంతో ఆగిపోతుంది. ఈ వృత్తిలో అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది.

కంప్యూటర్ ఎంఎస్ చేసిన పిల్లలను చూసి దీన్ని అంచనా వేయకండి. అక్కడ ఈ కోర్సు సాధారణంగా 60 క్రెడిట్లు. రెండేళ్లలో కావడం కష్టం, రెండున్నర నుంచి మూడేళ్లు వేసుకోండి. అందులోనే 100 గంటల ప్రాక్టికమ్ (మొదటి విడత పని శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. చాలాచోట్ల వాటికి జీతం ఇవ్వరు.

ఇంత చేసినా పూర్తి లైసెన్సు రాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్ సంగతే చూడండి. పట్టా వచ్చాక సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు పనిచేయాలి. వాటిలో 1,500 గంటలు క్లయింట్ల ఎదురుగా కూర్చున్నవి కావాలి. ఎంత పరుగెత్తినా 18 నెలల లోపు ఒప్పుకోరు. వీసా చూస్తే, చదువయ్యాక పనిచేసుకోవడానికి ఓపీటీ కింద ఇచ్చేది 12 నెలలు. ఇంజినీరింగ్ పిల్లలకు దొరికే మరో 24 నెలలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకే, ఈ కోర్సు సాధారణంగా ఆ జాబితాలోకి రాదు. 18 నెలల పనికి 12 నెలల గడువన్నమాట. మిగతా ఆరు నెలల కోసం ఇంకా పూర్తి లైసెన్సు లేని అమ్మాయికి ఎవరో ఒకరు హెచ్‌1బీ ఉద్యోగ వీసా స్పాన్సర్ చేయాలి, లాటరీలో పేరు రావాలి. ఈ ఒక్క ప్రశ్న కన్సల్టెన్సీ వాళ్లను అడిగి చూడండి, ఏమంటారో.

ఇక లోను. వడ్డీ 10.5 శాతం అనుకుందాం. 30 లక్షలకు పదేళ్ల వాయిదా నెలకు సుమారు 40,500. చదువుకునే రోజుల్లో వడ్డీ కట్టకుండా వదిలేస్తే, మూడేళ్లలో అసలు 39 లక్షలు దాటుతుంది, వాయిదా 53 వేలు దాటుతుంది. అమ్మాయి వీసా కుదరక వెనక్కి వస్తే, ఇక్కడి మొదటి జీతంతో ఆ వాయిదా కట్టడం జరిగే పని కాదు. పైగా చదువు లోనుకు చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తాకట్టు పెట్టుకోవు, ఇల్లే అడుగుతాయి. అరెకరం తోట పోయి, డాబా కాగితాలు బ్యాంకులో ఉండి, అబ్బాయి డిగ్రీలో చేరే సమయానికి మీ చేతిలో కొబ్బరి దింపు డబ్బులు తప్ప ఏమీ ఉండవు. అంబాజీపేట మార్కెట్లో కాయ రేటు ఏ నెల ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

పల్లెలో వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను పడదని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. అది నిజమే. పన్ను లేదని అమ్ముకోవడమేం న్యాయం?

ఇక్కడి దారి చూద్దాం. ముందు రెండేళ్ల పీజీ. ఏపీ పీజీసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలాంటి చోట సీటు తెచ్చుకుంటే ఫీజు కన్నా హాస్టల్, మెస్ ఖర్చులే ఎక్కువ కనబడతాయి. ఇంట్లో ఉండి దూరవిద్యలో చదివిద్దామంటే కుదరదు. 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఎవరైనా సీటిస్తామంటే డబ్బు కట్టకండి. పీజీ ఒక్కటే చేసి బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవడానికీ లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ కావాలి. ఇన్నాళ్లూ అది రెండేళ్ల ఎంఫిల్, ఇప్పుడు కోర్సులు మారుతున్నాయి. అందుకని చేరే ఏడాది కౌన్సిల్ వెబ్‌సైట్లో కాలేజీ పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసి ఫీజు కట్టండి. సీట్లు తక్కువ, ఒక ఏడాది ఆగాల్సి రావచ్చు. ఆ ఏడాది ఇంటి ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో రాసుకోండి. అమెరికా పట్టాతో తిరిగొచ్చినా ఈ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దానంతట అది రాదని గుర్తుంచుకోండి.

పీజీకి లోను కావాలంటే 7.5 లక్షల లోపు చూడండి, సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. లోను అమ్మాయి పేర, మీరు సహ రుణగ్రహీతగా ఉంటారు. చదివే రోజుల్లో నెలనెలా వడ్డీ మాత్రం కట్టేస్తూ ఉండండి, దింపు డబ్బులోంచి తీయగలిగినంతే అవుతుంది.

పీజీ అయ్యాక కూడా అమెరికా మీదే మనసుంటే మళ్లీ రాయండి. అప్పటికి అమ్మాయి ఏదో ఒక ఆసుపత్రిలో క్లయింట్ల ఎదురుగా కొన్ని నెలలు కూర్చుని ఉంటుంది. ఈ పని తనకు పడుతుందో లేదో మనకంటే తనే బాగా చెబుతుంది. కన్సల్టెన్సీ దగ్గర అడ్వాన్సు వాపసు అడగండి, ఇవ్వనంటే ఆ 25 వేలు వదిలేయండి.